నిండు టాంకు, 23 కిలోమీటర్లు: ఒక 1962 ఫియట్ కేసు

బండి 1962 నాటి ఫియట్ 1100. ముందు తలుపులు వెనక్కి తెరుచుకునే రకం. బొంబాయి వైపు దీన్ని డుక్కర్ అని, అంటే పంది అని, ముద్దుగా పిలుస్తారు. ఇంజిన్ 1089 సీసీ, సిలిండర్లు నాలుగు, గేరు కర్ర స్టీరింగు పక్కన. ప్రయాణం బరంపురం నుంచి చెన్నై అవతల ఇరుంగట్టుకోట్టై రేసు ట్రాకు దాకా, పోవడానికే దాదాపు 1,100 కిలోమీటర్లు. ఫిర్యాదు ఏమిటంటే, చక్కగా పరుగెత్తుతున్న బండి ఉన్నట్టుండి దగ్గి ఆగిపోతుంది. పావుగంట నిలబెడితే ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది. తప్పు మేస్త్రీది. ఆ మేస్త్రీని నేనే.

పాత బండ్ల పని చేసేవాళ్లం నలుగురం కలిస్తే గెలిచిన కేసులే చెప్పుకుంటాం. ఇది నేను ఒక పగలంతా తప్పు దారిలో నడిచిన కేసు. ఇంకెవరైనా చేసి ఉంటే నవ్వేవాణ్ని కూడా. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

బండి యజమాని మా ఊళ్లో కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరయిన పెద్దమనిషి. ఊరంతా మాస్టారు అంటుంది, నేనూ అంతే. వాళ్ల నాన్నగారు కొన్న బండి ఇది. మా ఊరు బరంపురం ఇప్పుడు ఒడిశాలో ఉన్నా 1936 ఏప్రిల్ 1 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలోనిదే. చదువుకైనా వైద్యానికైనా మద్రాసు రైలెక్కడం ఇక్కడి తెలుగు కుటుంబాలకు తాతల నాటి అలవాటు. మాస్టారూ 1970లలో అక్కడే చదివారు. ఆ రోజుల్లో షోళవరంలో రేసులు జరిగేవి. రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే మీద గడ్డి మూటలు, డ్రమ్ములు అడ్డం పెట్టి, మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వాళ్లు నడిపేవారు. ఆ క్లబ్ పుట్టింది 1953లో. విదేశీ రేసు బండ్లు దిగుమతి చేసుకోగలిగినవాళ్లు ఏ కొద్దిమందో. మిగతా వాళ్లంతా మనం రోజూ రోడ్డు మీద చూసే ఫియట్లను, అంబాసిడర్లను, హెరాల్డులనే బరువు తగ్గించి, హెడ్డు అరగదీసి, సైలెన్సరు పీకేసి పరుగెత్తించేవాళ్లు. హాస్టలు కుర్రాళ్లతో కలిసి లారీ ఎక్కి వెళ్లి, ఎండలో నిలబడి, తమ ఇంట్లో ఉన్న బండి లాంటిదే మలుపులో రెండు చక్రాల మీద లేవడం చూశానని మాస్టారు కనీసం వందసార్లు చెప్పి ఉంటారు.

1990లో క్లబ్ ఇరుంగట్టుకోట్టైలో సొంత ట్రాకు కట్టుకుంది. నిరుడు అక్కడి రేసుల వారాంతంలో, మధ్యాహ్నం విరామంలో, పాత బండ్లను ట్రాకు మీద మూడు చుట్లు తిప్పనిస్తారని తెలిసిన వాళ్ల ద్వారా కబురు వచ్చింది. మాస్టారు మా షెడ్డుకు వచ్చి స్టూలు మీద కూర్చుని, "ఏమయ్యా మేస్త్రీ, వెళ్లగలదా?" అన్నారు.

"లారీ మీద ఎక్కించి పంపిద్దాం మాస్టారూ."

"లారీ మీద వెళ్లేది సామాను. ఇది బండి."

కాగితాల సంగతి ముందే చూసుకున్నాం. 2021లో వచ్చిన కేంద్ర నిబంధన ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపం మార్చని బండిని వింటేజ్ కింద నమోదు చేయించుకోవచ్చు. నంబరులో వీఏ అనే అక్షరాలు వస్తాయి. కొత్త నమోదుకు రుసుము 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. రోజూ బజారుకు తిప్పడానికి వీల్లేదు కాని ప్రదర్శనలకు, ర్యాలీలకు నడుపుకుంటూ వెళ్లవచ్చు. పాత బండ్ల లోకంలో పట్టుదల గలవాళ్లు 1930 తర్వాతి దాన్ని వింటేజ్ అననివ్వరు, క్లాసిక్ అనాలంటారు. వాళ్లతో నాకు పేచీ లేదు. చట్టం మా వైపు ఉంది.

షెడ్డులో చేసింది

బండి నాలుగేళ్లుగా వారానికోసారి వీధి చివరిదాకా వెళ్లి వచ్చేది, అంతే. పెట్రోలు టాంకు విప్పితే అడుగున తుప్పు, దాని మీద బెల్లం పాకంలా గట్టిపడిన జిగురు. గొప్ప మందులేమీ లేవు. లోపల సైకిలు గొలుసు ముక్కలు వేసి, కిరసనాయిలు పోసి, నేనూ మా కుర్రవాడూ చెరో పక్క పట్టుకుని రెండు పూటలు ఊపాం. కడిగి, ఆరబెట్టి, మళ్లీ కడిగాం. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. అది పాత రబ్బరును ఉబ్బిస్తుంది, టాంకు గోడలకు ఏళ్లుగా అంటుకున్న జిగురును కరిగించి ముందుకు తోస్తుంది, గాలిలోని తేమను లాక్కుంటుంది. పంపులో పెట్రోలును లాగే రబ్బరు పొర, అంటే డయాఫ్రం, తీసి చూస్తే నానిన అప్పడంలా ఉంది. కొత్తది వేశాను. పైపులన్నీ ఇథనాల్‌కు తట్టుకునే రకానికి మార్చాను. పంపుకు ముందు పారదర్శకమైన చిన్న ఫిల్టరు పెట్టాను, తుప్పు వస్తే కంటికి కనబడాలని.

మిగతావి మామూలే. నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులు, వీల్ సిలిండర్ల రబ్బర్లు మార్చాను. రేడియేటరు కడిగించాను. టైర్లు చూడటానికి కొత్తవే, గాట్లు పూర్తిగా ఉన్నాయి, కాని పక్కన అచ్చయిన నాలుగంకెలు చూస్తే పదకొండేళ్ల నాటివి. మొదటి రెండంకెలు తయారైన వారం, చివరి రెండు సంవత్సరం. అవి తీసి పారేయమంటే మాస్టారు ఒక పూట మాట్లాడలేదు.

ఇక అసలు విషయం. మాస్టారి భార్య, మేము అమ్మగారు అంటాం, బండిలో కూర్చుంటే పెట్రోలు వాసనకు తల తిరుగుతోందన్నారు. చూస్తే టాంకు మూత కింది రబ్బరు ఎండి చీలికలై ఉంది. ఆ కొలత రబ్బరు మా ఊళ్లో దొరకలేదు. పాత సామాన్ల దుకాణంలో వేరే బండి మూత, తాళం వేసుకునేది, టాంకు మూతికి సరిపోయేలా కనబడింది. అంచు కొంచెం ఆకురాయితో అరగదీస్తే దబ్బున కూర్చుంది. వాసన పోయింది. తాళం కూడా వచ్చిందని అమ్మగారు సంతోషించారు. పాత మూతను డబ్బాలో పడేశాను.

తర్వాత గోపాలపూర్ సముద్రం దాకా వెళ్లి రావడం, 30 కిలోమీటర్ల పైచిలుకు. మూడుసార్లు. ఒకసారి కూడా దగ్గలేదు. ఈ మూడుసార్లూ టాంకులో నేను పోసింది డబ్బాతో ఐదేసి లీటర్లు. షెడ్డులో ఎవరు మాత్రం టాంకు నిండా పోస్తారు? ఈ వాక్యం దగ్గర చదివేవారు ఒక్క క్షణం ఆగాలి. నేను ఆగలేదు.

మొదటి రోజు

బయలుదేరింది తెల్లవారి ఐదున్నరకు. ముందు సీట్లో మాస్టారు, ఆయన పక్కన నేను, వెనక మా షెడ్డు కుర్రవాడు, సామాను. కుర్రవాడు ఒడియా వాడు, తెలుగు బాగా అర్థం చేసుకుంటాడు, కొంచెం తడబడుతూ మాట్లాడతాడు, రాయడం మాత్రం ఒడియాలోనే. వాడికి ఒక నోటుబుక్కు ఇచ్చి, బండి మీటరు అంకె, టైము, ఏం జరిగిందో రాయమన్నాను. ఊరు దాటే ముందు బంకులో మాస్టారు టాంకును మూతి దాకా నింపించారు. ఆయనకు అదొక నియమం. టాంకు పట్టేది 38 లీటర్లు. బంకు కుర్రవాడు చాలన్నా వినకుండా ఇంకో అర లీటరు తోయించారు.

గిరిసోల దగ్గర, ఒడిశా దాటకముందే, బండి ఆగింది. మీటరు మీద 23 కిలోమీటర్లు.

బానెట్ ఎత్తాను. ఫిల్టరులో పెట్రోలు అడుగున చెంచాడు ఉంది, దాని మీద బుడగలు. అంతే, నా మనసు తీర్పు చెప్పేసింది: ఆవిరి పట్టేసింది. ఇంజిన్ పక్కన వేడికి పంపులోని పెట్రోలు ఆవిరవుతుంది, పంపు ఆవిరిని లాగలేదు, పెట్రోలును గాలితో కలిపి ఇంజిన్‌కు ఇచ్చే కార్బ్యురేటరుకు పెట్రోలు అందదు. ఇథనాల్ కలిసిన తర్వాత ఈ బాధ పాత బండ్లలో ఎక్కువైందని మా వాళ్లందరూ అంటారు. మందు కూడా అందరికీ తెలిసిందే. తువ్వాలు తడిపి పంపు మీద వేయడం. వేశాను. పావుగంట టీ తాగాం. స్టార్టయింది. మాస్టారు నా వైపు మెచ్చుకోలుగా చూశారు.

ఆ సమయంలో పొద్దు ఇంకా పూర్తిగా పొడవలేదు. అద్దాల మీద మంచు ఉంది. వేడి గురించి మాట్లాడుతున్న వాడికి అది కనబడాలి కదా?

రెండోసారి మందస వైపు దారి చీలే చోట, గిరిసోల నుంచి 45 కిలోమీటర్ల తర్వాత. తడి తువ్వాలు, పావుగంట. మూడోసారి 64 కిలోమీటర్లు నడిచి నరసన్నపేట పొలిమేరలో. ఈసారి తువ్వాలు మీద నమ్మకం సడలింది. కొత్త డయాఫ్రంలోనే ఏదో లోపం ఉండాలనుకుని రోడ్డు పక్కన చింతచెట్టు కింద పంపు విప్పాను. టాంకు వైపు పైపు ఊడదీయగానే అందులోంచి గుడగుడమని ఒక చప్పుడు, ఎవరో గొట్టంతో కొబ్బరినీళ్ల అడుగు పీలుస్తున్నట్టు. విన్నాను. పక్కనుంచి వరసగా లారీలు పోతున్నాయి. విన్నదాన్ని పట్టించుకోలేదు. డయాఫ్రం ముత్యంలా ఉంది. గంటన్నర వృథా.

శ్రీకాకుళంలో భోజనం, మళ్లీ బంకు. మాస్టారు తాళంచెవి ఇచ్చారు. బంకు కుర్రవాడు మూత తిప్పడానికి తంటాలుపడి, "బిగుసుకుపోయిందండీ" అన్నాడు. కొత్త రబ్బరు కదా, బిగువుగానే ఉంటుందని నేనే సర్ది చెప్పాను. మూతి దాకా నింపారు.

24 కిలోమీటర్లు. రణస్థలం రాకముందే ఆగింది.

ఇక ఇంధనం వైపు ఏమీ మిగల్లేదనుకుని నిప్పు వైపు పోయాను. ప్లగ్గులకు నిప్పురవ్వ ఇచ్చే కాయిలు వేడెక్కితే ఆగిపోవడం, చల్లబడితే పనిచేయడం అందరూ చూసినదే. దానికి తోడుండే కండెన్సరూ అంతే. రెండూ నా సంచిలో ఉన్నాయి, రెండూ మార్చాను. పాయింట్ల ఖాళీ సరిచూశాను. ఇంకో గంట. స్టార్టయింది, కాయిలే దోషి అని నవ్వుకున్నాం. తగరపువలస దగ్గర గోస్తని వంతెన దాటాక, 48 కిలోమీటర్లకు, మళ్లీ ఆగింది. ఈసారి నేను బానెట్ ఎత్తలేదు. ఎత్తి చూడటానికి కొత్త ఆలోచన లేదు. ఊరికే కూర్చున్నాం. పావుగంటకు స్టార్టయింది. తువ్వాలు లేదు, నీళ్లు లేవు, ఏ విడిభాగమూ లేదు. పొద్దుటినుంచీ నేను చేసిన మందులన్నింటిలో ఉమ్మడిగా ఉన్నది ఆ పావుగంట ఒక్కటే అని అప్పుడు తట్టింది.

మొదటి రాత్రికి రాజమహేంద్రవరం చేరాలని అనుకున్నాం. పొద్దుపోయే వేళకు అనకాపల్లిలో లాడ్జి తీసుకున్నాం.

నోటుబుక్కు

భోజనాలయ్యాక కుర్రవాడి నోటుబుక్కు తెరిచాను. ఒడియా లిపి నాకు కూడబలుక్కుంటూ చదవడం వచ్చు. వాడు ఆగిన ప్రతిచోటా ఒక గీత గీసి, పక్కన అంతకుముందు ఆగిన చోటు నుంచి ఎన్ని కిలోమీటర్లు నడిచిందో వేశాడు. 23, 45, 64. ఆ తర్వాత 24, 48. నేను అడగని ఒక పని కూడా చేశాడు. పెట్రోలు పోయించిన చోట పెన్నుతో చిన్న చుక్క బొమ్మ, పైన కోసుగా, కింద గుండ్రంగా. పేజీ మొత్తం మీద అలాంటి బొమ్మలు రెండే. రెండూ చిన్న అంకెలకు సరిగ్గా ముందున్నాయి.

చుక్క, 23, 45, 64. చుక్క, 24, 48.

వేడివల్ల వచ్చే జబ్బయితే పొద్దెక్కే కొద్దీ ముదరాలి. ఇక్కడ మిట్టమధ్యాహ్నం దగ్గర పడుతున్నప్పుడు బండి 64 నడిచింది, మంచులో 23 నడిచింది. కాయిలుకు టాంకులో పెట్రోలు ఎంత ఉందో తెలియదు. పంపుకూ తెలియదు. టాంకు నిండితే తొందరగా ఆగి, తగ్గే కొద్దీ ఎక్కువ దూరం నడిచే జబ్బు టాంకులోనే ఉండాలి.

మాస్టారిని నిద్ర లేపాను. పేజీ చూపించాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని ఒక నిమిషం చూసి, "మూతకు చిల్లు ఉందా?" అని అడిగారు.

పాత మూతకు ఉండేది. ఆ కాలపు బండ్లలో టాంకులోకి గాలి వచ్చే దారి చాలావాటికి మూతలోనే ఉంటుంది. పెట్రోలు బయటికి పోయిన మేరకు గాలి లోపలికి రావాలి, లేకపోతే టాంకులో పీడనం పడిపోతుంది. ఈ మధ్య కాలపు ఇంజెక్షన్ బండ్లకు టాంకు ఊపిరి వేరే గొట్టం గుండా, పెట్రోలు ఆవిరిని పట్టే బొగ్గు డబ్బా గుండా జరుగుతుంది. మూత మామూలుగా గాలి ఆడని మూతే. నేను తెచ్చి పెట్టింది అలాంటిది. అరవై ఏళ్ల బండి ముక్కు మూసి, పరుగెత్తమన్నాను.

మాస్టారు దిండు మీద చెయ్యి వేసుకుని చాలాసేపు నవ్వారు. "గాలికి చోటు పెరిగితే పీడనం తగ్గుతుందని ముప్పై ఏళ్లు బాయిల్ సూత్రం చెప్పానయ్యా. నిండా పోయించిందీ నేనే." తర్వాత లెక్కలోకి దిగారు. మూతి దాకా నింపితే పైన మిగిలే గాలి చోటు ఏ నాలుగైదు లీటర్లో, ఇంకా తక్కువో. బండి లీటరుకు 12 కిలోమీటర్లిస్తే, 23 కిలోమీటర్లకు రెండు లీటర్లు ఖాళీ అవుతుంది. ఉన్న గాలి దాదాపు ఒకటిన్నర రెట్ల చోటులోకి సాగాలి. అదే టాంకు సగం ఖాళీగా ఉంటే, అవే రెండు లీటర్లు పోయినా పది శాతం తేడా. పెట్రోలు ఆవిరి కూడా ఆ చోటును కొంత నింపుతుంది కాబట్టి లెక్క అంత సూటిగా రాదని ఆయనే అన్నారు. ఆవిరి లేకపోతే ఇంకా ముందే ఆగేదట. బండి నిలబడిన పావుగంటలో తాళం సందుల్లోంచి గాలి సన్నగా లోపలికి పాకి, పంపు మళ్లీ లాగగలిగేంత అవుతోంది. నా తువ్వాలు ఆ సమయంలో ఇంజిన్ మీద అలంకారం.

గోపాలపూర్ పరీక్షలు ఎందుకు నెగ్గాయో ఇప్పుడు చెప్పక్కర్లేదు. ఐదు లీటర్ల పెట్రోలు మీద 33 లీటర్ల గాలి.

రుజువు

సమాధానం అందంగా కుదిరినంత మాత్రాన నిజం కావాలని లేదు. కాయిలు విషయంలో నాలుగు గంటల ముందే ఆ సంగతి నేర్చుకున్నాను. అందుకని తెల్లవారి అనకాపల్లిలో కావాలనే మూతి దాకా నింపించి, మూత గట్టిగా బిగించి తాళం వేసి బయలుదేరాం. తాళంచెవి నా జేబులో.

యలమంచిలి దగ్గర, 21 కిలోమీటర్లకు, దగ్గు మొదలైంది. పక్కకు తీశాం. బానెట్ జోలికి పోలేదు. తాళం తిప్పి మూతను పావు చుట్టు తిప్పేసరికి రబ్బరు అంచు దగ్గర సన్నని ఈల లాంటి చప్పుడు, లోపలికి పీలుస్తున్న చప్పుడు, ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టేంతసేపు. అరచెయ్యి దగ్గర పెడితే చల్లగా గాలి లోపలికి లాగుతోంది. మూత ఒక్కసారిగా వదులై చేతిలోకి వచ్చింది. సెల్ఫు పది సెకన్లు తిప్పాక ఇంజిన్ అందుకుంది. పావుగంట కాలేదు, తువ్వాలు తడవలేదు.

మళ్లీ బిగించాను. ఒకసారి జరిగింది కాకతాళీయం కావచ్చు. తుని దగ్గరికి వస్తుండగా, 40 కిలోమీటర్లకు, మళ్లీ దగ్గింది. మళ్లీ అదే చప్పుడు, మళ్లీ వెంటనే స్టార్టు. మూడో పరీక్ష అక్కర్లేదని మాస్టారు, కావాలని నేను. అమ్మగారు ఫోనులో ఎక్కడిదాకా వచ్చారని అడగడంతో ఆ వాదన ముగిసింది.

తునిలో ఒక లేత్ షాపులో మూత పట్టుకుని వెళ్లాను. మేస్త్రీ నాకంటే పెద్దవాడు, విషయం విని, "చిల్లు పెడితే మలుపుల్లో పెట్రోలు చిమ్మదా బాబూ?" అన్నాడు. మంచి ప్రశ్న. మూతలో రెండు రేకులున్నాయి, లోపలిది, పైది, మధ్యలో వేలెడు ఖాళీ. లోపలి రేకుకు ఒక అంచున, పై రేకుకు ఎదురు అంచున ఒకటిన్నర మిల్లీమీటర్ల చిల్లులు వేయించాను. గాలికి వంకర దారి చాలు. పెట్రోలు చుక్క ఎగిరినా రేకుల మధ్యే పడి తిరిగి దిగుతుంది. పది నిమిషాల పని. ఆయన డబ్బు తీసుకోలేదు, బండి తలుపు ఒకసారి తెరిచి మూయనివ్వమన్నాడు.

అక్కడే మళ్లీ మూతి దాకా పోయించాం. తుని నుంచి రాజమహేంద్రవరం దాకా, గోదావరి దాటి, విజయవాడ దాటి, రాత్రి ఒంగోలు చేరేదాకా బండి తనంతట తాను ఒక్కసారి ఆగలేదు. కుర్రవాడి నోటుబుక్కులో ఆ పేజీలో చుక్కలు మాత్రమే ఉన్నాయి. ఒంగోలు వచ్చేసరికి చీకటి పడింది. ఈ బండికి ఆల్టర్నేటరు లేదు, డైనమో. ఊళ్లో నెమ్మదిగా పోతున్నప్పుడు హెడ్‌లైట్లు పసుపు దీపాల్లా కిందికి దిగుతాయి. అది జబ్బు కాదు, దాని పుట్టుకే అంత. ఎదుటివాళ్ల హైబీముల్లో మాత్రం ప్రాణం పోతుంది.

షోళవరం, ఇరుంగట్టుకోట్టై

మూడో రోజు నెల్లూరు, సూళ్లూరుపేట, తడ దాటి తమిళనాడులోకి వచ్చాం. షోళవరం ఈ దారిలోనే, చెన్నై ఇంకా కొంత దూరం ఉందనగా తగులుతుంది. ఇప్పుడు ఆ పేరు జనానికి చెరువుగానే తెలుసు. మన కృష్ణ నీళ్లు తెలుగు గంగ కాలువ మీద పూండికి చేరి, అక్కణ్నుంచి షోళవరానికీ, పుళల్‌కూ పంపకమవుతాయి. మాస్టారు పక్కకు తీయమన్నారు. రేసులు జరిగిన చోటు రోడ్డు మీదికి కనబడదు. ఆయన దిగలేదు, అద్దం దించి తూర్పు వైపు, పడమర వైపు చూసి, "ఎటో కూడా గుర్తు లేదయ్యా" అన్నారు. పదండి అన్నారు.

ట్రాకు పొడవు 3.7 కిలోమీటర్లు. రేసుల మధ్య విరామంలో పాత బండ్లు పది పన్నెండు, ముందు ఒక దారి చూపే కారు, దాని వెనక మేము. దాన్ని దాటకూడదు, దూరం పెంచకూడదు. మొదటి చుట్టు మాస్టారు పెళ్లి ఊరేగింపులా నడిపారు. రెండో చుట్టులో ముందున్న అంబాసిడరుకూ మాకూ మధ్య ఖాళీ కావాలనే పెంచి, ఆ ఖాళీని పూడ్చే నెపంతో తొక్కారు. నేను చూస్తున్నది రోడ్డు కాదు, ఆయిలు దీపం. పొడుగాటి కుడి మలుపులో అది ఒక్కసారి మినుక్కుమంది. ఇంజిన్ అడుగున ఉండే తొట్టి, అంటే సంపులోని ఆయిలంతా బయటి గోడకు చేరి, పంపు నోరు గాలిని తాకిందన్నమాట. రోడ్డు మీద ఈ బండికి ఎప్పుడూ అంతసేపు ఒకే వైపు తోపు ఉండదు. "మాస్టారూ, తగ్గించండి." తగ్గించారు. చుట్టు అయ్యాక డిప్‌స్టిక్కు చూస్తే మట్టం కింది గీతకూ పై గీతకూ మధ్యలో ఉంది. రోడ్డుకు అది చాలు. ట్రాకు మీద పై గీత దాకా ఉండాల్సింది, అది కూడా నా లెక్కలోనే రాసుకోండి. మూడో చుట్టులో మలుపులన్నీ మర్యాదగా తీసుకున్నాం. బ్రేకు డ్రమ్ముల దగ్గర కాలిన వాసన వచ్చింది, పెడలు కాస్త లోతుకు దిగింది, పావుగంటకు మామూలైంది. ఈసారి పావుగంట నిజంగానే మందు.

పక్క బండ్లవాళ్లు చాలామంది వచ్చి మూత చూశారు. బెంగళూరు నుంచి వచ్చిన ఒకాయన తన బండికీ అలాంటి తాళం మూతే వేయించానని, రెండేళ్లుగా పెట్రోలు నాణ్యతను తిడుతున్నానని చెప్పాడు. ఆయన మూత అక్కడే ఊడదీసి చూశాం. దానికి చిల్లు ఉంది. ఆయన జబ్బు వేరే ఏదో.

తిరిగొచ్చాక

తిరుగు ప్రయాణం రెండు రోజుల్లో అయింది, ఆగింది టీకి, భోజనానికి, నిద్రకు. షెడ్డుకు వచ్చాక పంపు మళ్లీ విప్పి చూశాను. డయాఫ్రం ఉబ్బలేదు. ఫిల్టరులో తుప్పు చిటికెడు కూడా లేదు, ఆ గొలుసు ముక్కల కష్టం ఊరికే పోలేదు. ప్లగ్గులు లేత గోధుమ రంగులో ఉన్నాయి. మొత్తం మీద సగటు లీటరుకు 12.4 కిలోమీటర్లు వచ్చింది. తీసేసిన కాయిలు, కండెన్సరు పరీక్షించాను. రెండూ ఆరోగ్యంగానే ఉన్నాయి. వాటికి, నరసన్నపేటలో పంపు విప్పినందుకు మాస్టారు డబ్బు ఇవ్వబోయారు. తీసుకోలేదు. మూతకు మాత్రం తీసుకున్నాను, వాసన నిజంగానే పోయింది కాబట్టి.

పాత మూత డబ్బాలోంచి తీసి చూస్తే, దాని నడుమ సూది మొన అంత చిల్లు, అందులో ఎండిన మట్టి. అది ఇంకో ఏడాది అలాగే ఉంటే నేను వేలు పెట్టకుండానే పూర్తిగా మూసుకుపోయి ఉండేది. ఈ సంగతి మాస్టారికి చెప్పాను. "సాకు బాగుంది" అన్నారు.

ఇప్పుడు దూరం వెళ్లే ప్రతి పాత బండినీ మూతి దాకా నింపించి, చిలికా ఒడ్డున రంభ దాకా నడిపి తెస్తున్నాను, రానూ పోనూ 100 కిలోమీటర్లు. పెట్రోలు ఖర్చు యజమాని మీద వేస్తున్నాను. ఇద్దరు సణిగారు, ఒకాయన బండి తీసుకుని వేరే షెడ్డుకు వెళ్లిపోయారు. నోటుబుక్కు కుర్రవాడి దగ్గరే ఉంది. ఏం రాయాలో వాడికి నేను చెప్పడం మానేశాను.

మాస్టారి ఫియటులో ఒక పని మిగిలి ఉంది. ట్రాకు మీద రెండో చుట్టులో మూడో గేరుకు దించినప్పుడు ఒక గరగర వినిపించింది. తిరుగు దారిలో వినబడలేదు. వచ్చే నెల గేరుబాక్సు దించుతాను.